వేడి సేసినాది

పలాస ఆసుపత్రిలో పదమూడో గది తలుపు
సగమే తెరిచి ఉంచుతాను.
పూర్తిగా తెరిస్తే ఎవరూ రారు,
మూసేస్తే మరేదో అనుకుంటారు.

దాలమ్మ ఆ సగంలోంచి పక్కకి తిరిగి లోపలికొచ్చింది.
వేళ్ల చివర్లు నలుపు.
పద్దెనిమిదేళ్లు జీడిపిక్కలు కొట్టిన చేతులు.
"వేడి సేసినాదమ్మా" అంది.

మా వైపు అన్నిటికీ వేడే.
మూత్రం మంటకి వేడి, పొత్తికడుపు నొప్పికి వేడి,
తెల్లబట్టకీ వేడే.
సబ్జా గింజలు తాగింది, బార్లీ నీళ్లు తాగింది,
ఉద్దానం కొబ్బరిబొండాలు ఏడాది పొడుగునా తాగింది.
వేడికేం, చల్లారే ఉంటుంది.
నొప్పి చల్లారలేదు.

మీ ఆయన? అన్నాను.
లారీ. కాశీబుగ్గ నుంచి కటక్, కటక్ నుంచి ఎక్కడికో.
"ఆడికీ అయినాది, పోయిన వానల్లో.
సూదిమందాయన రెండు సూదులు పొడిసినాడు, తగ్గిపోనాది.
నాకు సెప్పనేదు.
సొక్కా ఉతుకుతుంటే జేబులో సీటీ దొరికినాది."

రిజిస్టరు తీశాను.
అట్ట మీద ఎవరో ఎప్పుడో రాసిన అక్షరాలు:
సుఖవ్యాధులు.
ఐదో తరగతి చదువు ఆమెది.
నల్లటి వేలు ఒక్కో అక్షరం కింద పెట్టి కూడబలుక్కుంది.
"సుకం ఎవుల్దమ్మా?"

నాకు శిక్షణలో నేర్పిన జవాబుల్లో
అది లేదు.
పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాను.

చెప్పాల్సినవి చెప్పాను.
వెనకటివాళ్లు దీన్ని సెగ అన్నారు,
పేరులోనే వేడి పెట్టేసి మనకి అప్పజెప్పారు.
ఇది వేడి కాదు, కంటికి ఆనని క్రిమి.
మామిడిపళ్లు తింటే రాదు, మరుగుదొడ్డి రాయి మీంచి రాదు.
పడక మీద, ఒంట్లోంచి ఒంట్లోకి వస్తుంది.
మగాడికి మంటపెట్టి చెబుతుంది, ఒక్కోసారి చెప్పదు.
ఆడదాని లోపల అలికిడి లేకుండా నెలలకి నెలలు కూర్చుంటుంది,
పైకి పాకితే కడుపు పండే దారినే మూసేస్తుంది.
మందుంది. నయమవుతుంది.
ఇద్దరూ మింగాలి, చెప్పినన్నీ మింగాలి.
ఒక్కరే మింగితే
రెండోవాళ్ల దగ్గర్నుంచి మళ్లీ తెచ్చుకున్నట్టే.

ఆమె నా మొహం చూడటం లేదు. తన చేతులు చూసుకుంటోంది.
"జీడిసొన నాంటిదన్నమాట.
పడిన్నాడు తెల్దు. మూడోనాటికి సరమం ఊడొచ్చేస్తాది.
అందుకే బూడిదో ఆవుదవో రాసుకోకండా
పిక్క ముట్టం.
పిక్కని తిట్టుకుంటే ఏటొస్తాది?
రాసుకోపోడవే తప్పు."

నిరోధ్ వాడకం చూపించడానికి సొరుగులో చెక్కబొమ్మ ఉంది,
గోడకి బొమ్మల పటం ఉంది.
ఆ పూట రెండిటి జోలికీ పోలేదు.

రక్తం ఇప్పించాను, మిగతా పరీక్షలకి.
రెండు పొట్లాలు బల్ల మీద పెట్టాను, ఆమెకొకటి, అతనికొకటి.
మింగాక ఏడు రోజులు దూరంగా పడుకోవాలి, అన్నాను.
"ఏడాది నొప్పి పడినాను, ఏడ్రోజులకేటి" అని
రెండోది బొడ్లో దోపుకుంది.

మూడో వారం ఒక మనిషొచ్చాడు. ఢిల్లేశ్వర్రావు.
గడప బయట చెప్పులు విప్పాడు, ఎవరూ విప్పమనలేదు.
ఖాళీ పొట్లం బల్ల మీద పెట్టి
"మాయావిడ సూపించమంది" అన్నాడు.
ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.
వెళ్తూ వెళ్తూ డబ్బాలోంచి గుప్పెడు నిరోధ్‌లు
లెక్కపెట్టకుండా జేబులో కుక్కుకున్నాడు.
నేను రిజిస్టరులో ఏదో రాస్తున్నట్టు
తల ఎత్తలేదు.

సోమవారం దాలమ్మ మళ్లీ వచ్చింది.
వెనక ఇద్దరు, పిక్కల షెడ్డువాళ్లే,
నలుపు వేళ్లు కొంగుల్లో దాచుకుని.
"ఈళ్లకీ వేడి సేసినాదంట" అంది
ముఖాన నవ్వు లేకుండా.

లేచి
పక్కగదికి వెళ్లాను
ఇంకో రెండు కుర్చీల కోసం.